వార్డుకు ముందు తెర ఉండొచ్చు, వార్డుకు బదులుగా కాదు

నర్సింగ్ విద్యార్థులకు సైకియాట్రీ పోస్టింగ్ ఆసుపత్రిలోనే జరగాలా, కంప్యూటర్ తెర మీద సాధన చేయించినా సరిపోతుందా? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు, క్లినికల్ పోస్టింగులు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు గత్యంతరం లేక పుట్టిన ప్రశ్న ఇది. కరోనా పోయినా ప్రశ్న పోలేదు. తెలుగు రాష్ట్రాల్లో మానసిక వైద్యశాలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, నర్సింగ్ కాలేజీలు వందల్లో. విద్యార్థులను ఊరుగాని ఊరికి పంపాలంటే బస, భోజనం, వెంట వెళ్లే ట్యూటర్లు, ప్రయాణంలో భద్రత అన్నీ చూసుకోవాలి. తెర మీదైతే ఈ బాధలేవీ ఉండవు. అందుకే యాజమాన్యాలు దీన్ని ఖర్చు లెక్కగా, అధ్యాపకులు సిలబస్ లెక్కగా చూస్తున్నారు. ఈ రెండు లెక్కల్లోనూ రోగి కనిపించడు. తనకు మాత్రమే వినిపించే గొంతులతో రాత్రంతా వేగుతున్న మనిషి పక్కన బెదరకుండా, చులకన చేయకుండా కూర్చోగల నర్సును ఏ శిక్షణ తయారుచేస్తుంది? చర్చ మొదలవ్వాల్సింది ఇక్కడ.

మిగతా వార్డుల్లో నర్సు పనితనం చాలావరకు చేతుల్లో కనిపిస్తుంది. కాన్యులా పెట్టడం, డ్రెసింగ్ మార్చడం, క్యాథెటర్ వేయడం బొమ్మ మీద నేర్పవచ్చు, చూసి మార్కులు వేయవచ్చు. మానసిక వైద్యంలో ఆమె చేతిలో ఉండే ప్రధాన సాధనం ఆమె మాట, మౌనం, చూపు, ఓపిక. నర్సుకూ రోగికీ నడుమ ఏర్పడే సంబంధమే సంరక్షణకు కేంద్రమని అమెరికన్ నర్సింగ్ ఆచార్యురాలు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో ‘ఇంటర్‌పర్సనల్ రిలేషన్స్ ఇన్ నర్సింగ్’ పుస్తకంలో వాదించారు. రోగితో జరిగిన సంభాషణను మాటకు మాట నమోదు చేసి పరిశీలిస్తూ ఇవాళ మన విద్యార్థులు వార్డులో రాసే ప్రాసెస్ రికార్డింగ్ ఆ ఆలోచనా సంప్రదాయంలోదే. డాక్టరు రౌండ్లకు వచ్చి కొద్ది నిమిషాలు చూసి వెళతారు. మూడు షిఫ్టుల్లో రోజంతా రోగికి దగ్గరగా ఉండేది నర్సు. ఫలానా మనిషి రెండు రోజులుగా సరిగా తినడం లేదని, ఇచ్చిన మాత్రను నాలుక కింద దాచుకుంటున్నాడని, నిన్నటిదాకా ఏడ్చిన ఆవిడ ఇవాళ ఉన్నట్టుండి నెమ్మదించి తన వస్తువులు పక్కవాళ్లకు పంచిపెడుతోందని మొదట గమనించాల్సింది ఆమే. సహానుభూతి లేని కంటికి ఇవి ఆనవు.

కాబట్టి సహానుభూతిని పుట్టుకతో వచ్చే మంచితనం కింద జమకట్టి వదిలేయడానికి వీల్లేదు. ఇది నేర్పదగిన, నేర్చుకోదగిన వృత్తి నైపుణ్యం. రోగి అనుభవాన్ని అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం, అర్థమైందన్న సంగతి అతనికి తెలిసేలా చేయడం, సాయపడాలన్న ఉద్దేశంతో ఈ రెండూ చేయడం. వైద్య విద్యలో విస్తృతంగా వాడే జెఫర్సన్ సహానుభూతి కొలమానాన్ని రూపొందించిన మొహమ్మద్‌రెజా హోజత్ బృందం నిర్వచనం సారాంశం ఇదే. ఇందులో మొదటి భాగం మెదడు పని, రెండో భాగం ఎదుటి మనిషి ముందు చేసి చూపాల్సిన పని. వర్చువల్ శిక్షణ మీద సాగుతున్న వాదోపవాదాల్లో చాలా భాగం ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చిందే.

మన దేశానికి ఈ నైపుణ్యం ఎంత అవసరమో అంకెలే చెబుతాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాల్సిన చోట 0.75 మందే ఉన్నారని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసింది. పురుగుమందు తాగి ఏరియా ఆసుపత్రికి వచ్చిన మనిషిని మొదట చూసేది క్యాజువాలిటీ నర్సు. ఆ రాత్రి ఆమె మాట్లాడే తీరును బట్టి అతను మళ్లీ వైద్యానికి వస్తాడా రాడా అన్నది తేలిపోవచ్చు. ఆమెకు ఆ మాట నేర్పే అవకాశం చదువులో ప్రధానంగా సైకియాట్రీ పోస్టింగులోనే వస్తుంది.

సహానుభూతి లోపిస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు మంటల నుంచి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. రెండు దశాబ్దాలు దాటాక, 2023 జనవరిలో, దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల పరిస్థితి దయనీయంగా, అమానవీయంగా ఉందనీ, కోలుకున్నవారిని సైతం అక్కడే ఉంచేస్తున్నారనీ జాతీయ మానవ హక్కుల కమిషన్ తప్పుపట్టింది. ఈ రెంటి నడుమ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. క్రూరమైన, అవమానకరమైన వ్యవహారం నుంచి రక్షణను అది రోగి హక్కుగా గుర్తించింది. కట్టేయడానికీ ఒంటరిగా బంధించడానికీ పరిమితులు పెట్టింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది. ఈ నిబంధనలు వార్డులో అమలయ్యేదీ, అటకెక్కేదీ నర్సు చేతుల మీదుగానే. అంటే నర్సింగ్ విద్యార్థి సహానుభూతి అన్నది రోగి హక్కులకు సంబంధించిన విషయం.

తెర పక్షం వాదన

వర్చువల్ శిక్షణ అనే ఒక్క మాట కింద రకరకాలవి చేరిపోయాయి. జూమ్‌లో పాఠం చెప్పి, రోగి వీడియో చూపించి, కేస్ రాయించడం ఒకటి. వీసిమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ రోగిని ప్రశ్నలడిగి, ఎంచుకున్న జవాబును బట్టి కథ ముందుకు సాగడం మరొకటి. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని వార్డులో తిరిగినట్టు అనుభవించడం ఇంకొకటి. తర్ఫీదు పొందిన నటులు రోగులుగా వీడియోకాల్‌లో మాట్లాడటం వేరొకటి. ఇప్పుడు కృత్రిమ మేధతో మాటకు మాట చెప్పే రోగి పాత్రలూ వస్తున్నాయి. జూమ్‌లో వీడియో చూసిన గంట, తర్ఫీదు పొందిన నటితో మాట్లాడి ఆపై అధ్యాపకురాలితో చర్చించిన గంట ఒకటి కావు. లాగ్ బుక్‌లో మాత్రం రెండూ ఒకే గంటగా పడతాయి.

వర్చువల్ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం ఉంది. మొదటిది భద్రత. ఆత్మహత్య ఆలోచన గురించి మొదటిసారి అడగబోయే విద్యార్థి తడబడితే తెర మీద ఎవరికీ నష్టం జరగదు. మళ్లీ అడగవచ్చు, మళ్లీ తప్పు చేయవచ్చు. రెండోది సమానత్వం. వార్డులో ఒక బ్యాచ్‌కు రకరకాల కేసులు దొరికితే, మరో బ్యాచ్‌కు నాలుగు వారాలూ ఒకే రకం రోగులు ఎదురు కావచ్చు. తెర మీద అందరికీ ఒకే కేసు ఇవ్వొచ్చు. మూడోది భయం. సినిమాల్లో చూసిన ‘పిచ్చాసుపత్రి’ బొమ్మను తలలో పెట్టుకుని వచ్చే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు నేరుగా వార్డులో అడుగుపెట్టడం కన్నా ముందు ఒక మెట్టు ఉండటం మంచిదే. నాలుగోది రోగి పక్షాన చెప్పాల్సినది. తన జీవితంలోని అత్యంత బాధాకరమైన కథను బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు, ఒక్కొక్కరి ప్రాసెస్ రికార్డింగ్ కోసం, మళ్లీ మళ్లీ చెప్పించడం ఏ రోగికైనా భారం. ఆ భారాన్ని కొంతైనా తగ్గించేది ఏదైనా స్వాగతించదగినదే.

ఈ పక్షం తరచూ ఉదహరించే రుజువు అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన అధ్యయనం. పది నర్సింగ్ విద్యాసంస్థల్లో విద్యార్థులను చదువు మొదటి నుంచి చివరి దాకా అనుసరించి, క్లినికల్ గంటల్లో సగం వరకు సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా లైసెన్స్ పరీక్ష ఫలితాల్లో, పనితీరు అంచనాల్లో తేడా రాలేదని అది తేల్చింది. ఇది గట్టి అధ్యయనమే. కానీ దాన్ని సగమే చదివి ఉటంకించడం మామూలైపోయింది. అక్కడి సిమ్యులేషన్ అంటే అధునాతన బొమ్మలు, రోగి పాత్ర పోషించే మనుషులు, ప్రత్యేక శిక్షణ పొందిన అధ్యాపకులు, ప్రతి సాధన తర్వాతా పద్ధతి ప్రకారం జరిగే డీబ్రీఫింగ్, అంటే జరిగినదాన్ని అధ్యాపకులతో కలిసి సమీక్షించుకోవడం. ఇంట్లో ఫోన్‌లో చూసిన వీడియోకు ఆ ఫలితాన్ని అంటగట్టలేం. పైగా మిగతా సగం గంటలు నిజమైన రోగుల దగ్గరే గడిచాయి. సగం వార్డు ఉన్నచోట వచ్చిన ఫలితాన్ని వార్డే లేని చదువుకు పూచీగా చూపడం శాస్త్రీయం కాదు.

అర్థం కావడం వేరు, దగ్గరవడం వేరు

ఇక సహానుభూతి సంగతికి వద్దాం. మానసిక వైద్య శిక్షణలో చాలాకాలంగా ఉన్న ఒక ప్రయోగం ఇక్కడ చాలా నేర్పుతుంది. స్కిజోఫ్రెనియా నిర్ధారణతో జీవించిన అమెరికన్ సైకాలజిస్ట్ పాట్రీషియా డీగన్, గొంతులు వినిపించే అనుభవాన్ని ఇతరులకు రుచి చూపేందుకు 1990ల్లో ఒక శిక్షణ రూపొందించారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తిడుతూ గొణుగుతూ వినిపించే గొంతుల మధ్యే విద్యార్థి మామూలు పనులు చేయాలి. వీఆర్ హెడ్‌సెట్లలో ఇప్పుడు వస్తున్న భ్రాంతి అనుభవాలు దీనికి తర్వాతి తరం. ఇలాంటి ప్రయోగాల ఫలితాలన్నింటినీ సమీక్షిస్తూ 2011లో ‘స్కిజోఫ్రెనియా రీసెర్చ్’ పత్రికలో వచ్చిన వ్యాసం ఒక విచిత్రాన్ని బయటపెట్టింది. పాల్గొన్నవారిలో సహానుభూతి పెరిగింది. దాంతోపాటు అలాంటి రోగులకు దూరంగా ఉండాలన్న కోరికా పెరిగింది. ‘ఎంత నరకం!’ అని అర్థమైంది, అర్థమైన కొద్దీ భయమూ పెరిగింది. డీగన్ పద్ధతిలో ఆ అనుభవంతో పాటు అలా జీవిస్తున్న మనిషి మాట, ఆ తర్వాతి చర్చ విడదీయరాని భాగాలు. అవి తీసేసి ఇయర్‌ఫోన్లు మాత్రం మిగిల్చితే ఏమవుతుందో ఆ సమీక్ష హెచ్చరిస్తోంది.

ఎందుకిలా జరుగుతుంది? తెర మీదైనా హెడ్‌సెట్‌లోనైనా విద్యార్థికి పరిచయమయ్యేది జబ్బు. గొంతులు, అనుమానాలు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచన ఉంటాయి. జబ్బుకు ఆవల ఉండే మనిషి ఉండడు. వార్డులో అదే విద్యార్థి ఉదయం మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్‌లో భ్రాంతులు నమోదు చేసిన మనిషే సాయంత్రం తన కూతురి పరీక్షల గురించి అడగడం చూస్తుంది. మూడో వారానికి మందు పనిచేసి అతను తేరుకోవడం చూస్తుంది. కోలుకోవడం అనేది ఉంటుందని కళ్లారా చూడటమే భయానికి అసలు విరుగుడు. సాఫ్ట్‌వేర్ కేసు గంటలో ముగుస్తుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

దీన్ని బలపరిచే పరిశోధన తక్కువేం లేదు. గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించిన సంపర్క సిద్ధాంతం, తగిన పరిస్థితుల్లో మనుషులు ముఖాముఖి కలిస్తే దురభిప్రాయాలు తగ్గుతాయంటుంది. మానసిక రోగులపై వివక్ష విషయంలో దాన్ని పరీక్షిస్తూ పాట్రిక్ కొరిగన్ బృందం 2012లో 14 దేశాల నుంచి వచ్చిన 72 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. పెద్దవారిలో వివక్ష తగ్గించడానికి పాఠాల కన్నా పరిచయమే మేలని, అందులోనూ వీడియో కథనం కన్నా ఎదురుగా కలవడమే ఎక్కువ ప్రభావం చూపిందని అది తేల్చింది. మానసిక ఆరోగ్యంలో వివక్షను అంతం చేయడంపై 2022లో వచ్చిన లాన్సెట్ కమిషన్ నివేదిక కూడా జబ్బును అనుభవించినవారితో పరిచయాన్నే అన్నింటికన్నా సమర్థమైన మార్గంగా నిలబెట్టింది.

ఇంతమాత్రాన వార్డు పక్షం గెలిచినట్టు కాదు. ఆ పక్షం తప్పించుకుంటున్న వాస్తవం ఒకటుంది: వార్డు కూడా సహానుభూతిని చంపగలదు. అమెరికాలో 214 మంది నర్సింగ్ విద్యార్థులపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రోగులతో ఎక్కువగా పనిచేసిన వారిలోనే ఏడాది తిరిగేసరికి సహానుభూతి స్కోరు తగ్గింది. వైద్య విద్యార్థుల్లో మూడో ఏట, అంటే వార్డుల్లో అడుగుపెట్టే ఏట, ఇలాంటి పతనాన్నే హోజత్ బృందం 2009లో చూపింది. కిక్కిరిసిన వార్డులో, నీలి యూనిఫాం వేసుకున్న పాతిక మంది గుంపుగా నిలబడి ఒక రోగిని చూసే చోట, సీనియర్ సిబ్బంది కసురుకోవడమే మాట్లాడే తీరుగా కనిపించే చోట, సూపర్‌వైజర్ సంతకం కోసమే కేస్ స్టడీ రాసే చోట విద్యార్థి నేర్చుకునేది మనసు మొద్దుబారడమే. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులన్న నర్సింగ్ కౌన్సిల్ నిష్పత్తి తలకిందులై, ఒక రోగి చుట్టూ ముగ్గురు విద్యార్థులు చేరే పోస్టింగును ముఖాముఖి అనుభవమని చెప్పుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే.

రెండు పక్షాల రుజువులనూ పక్కపక్కన పెడితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. సహానుభూతిని పెంచేది తెర కాదు, వార్డూ కాదు. మనిషితో జరిగిన పరిచయం, ఆ పరిచయం గురించి అనుభవజ్ఞురాలైన అధ్యాపకురాలితో కూర్చుని చేసే ఆలోచన, ఈ రెండూ కలిస్తేనే అది పెరుగుతుంది. మొదటిదాన్ని తెర ఇవ్వజాలదు. రెండోదాన్ని మన వార్డులు ఇవ్వడం మానేశాయి. విధానం దృష్టి పెట్టాల్సింది ఈ రెండు లోట్ల మీద.

ఇతర దేశాలు గీసిన గీతలు

బ్రిటన్‌లో మానసిక ఆరోగ్య నర్సింగ్ ప్రత్యేక విభాగం. మొదటి నుంచే విద్యార్థి దాన్ని ఎంచుకుని చదువుతారు, రిజిస్ట్రేషన్ కూడా ఆ విభాగంలోనే జరుగుతుంది. మొత్తం 4,600 గంటల చదువులో సగం, అంటే 2,300 గంటలు ప్రాక్టీసు. కరోనా తర్వాత అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఆ ప్రాక్టీసులో 600 గంటల వరకు సిమ్యులేషన్‌కు వీలు కల్పించింది. నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. యూరోపియన్ యూనియన్ నిబంధనలు క్లినికల్ శిక్షణ అంటే ఆరోగ్యవంతులతోనో రోగులతోనో నేరుగా కలిసి నేర్చుకోవడమనే నిర్వచించాయి. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ నర్సు కావాలంటే కనీసం 800 గంటలు ప్లేస్‌మెంటులో గడపాలి, సిమ్యులేషన్ గంటలు అందులో లెక్కకు రావు. ఎవరైనా కావాలంటే ఆపైన ఎంతైనా సిమ్యులేషన్ చేయించుకోవచ్చు. దక్షిణ కొరియాలో 1,000 గంటల క్లినికల్ ప్రాక్టీసు ఆనవాయితీ. ఆసుపత్రుల్లో చోటు దొరకక, రోగుల గోప్యత మీద పట్టింపు పెరిగి, ఆ దేశం సైకియాట్రిక్ నర్సింగ్‌లో వర్చువల్ సాధనను వేగంగా అందిపుచ్చుకుంది. అమెరికాలో రాష్ట్రానికో పరిమితి, చాలా చోట్ల గరిష్ఠం సగం.

అంకెలు వేరైనా వీటిలో ఉమ్మడి అంశాలు రెండున్నాయి. ఎంతవరకు అన్న గీతను నియంత్రణ సంస్థ గీసింది, కాలేజీ ఇష్టానికి వదల్లేదు. సిమ్యులేషన్ పేరుతో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో నిర్వచించింది. మన సందర్భానికి ఆస్ట్రేలియా పద్ధతే ఎక్కువగా సరిపోతుంది. తనిఖీ వ్యవస్థ బలహీనంగా ఉన్న చోట ఇంత శాతం వరకు భర్తీ చేసుకోవచ్చని ఒకసారి తలుపు తెరిస్తే, ఆ శాతం కాగితం మీద ఉండి మిగతాదీ ఆవిరైపోయే ప్రమాదం ఎక్కువ. నేరుగా రోగుల దగ్గర గడపాల్సిన కనీస గంటలను విడిగా, కదపరాని అంకెగా పెట్టడమే మనకు క్షేమం.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యక్రమం సెమిస్టర్ పద్ధతిని, సామర్థ్యాల ఆధారిత బోధనను ప్రవేశపెట్టి, సిమ్యులేషన్‌కు గౌరవప్రదమైన చోటిచ్చింది. మానసిక ఆరోగ్య నర్సింగ్‌ను అయిదు, ఆరు సెమిస్టర్లలో రెండు భాగాలు చేసింది. ఇది ముందడుగు. 1947 నాటి చట్టం స్థానంలో 2023 ఆగస్టులో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నియంత్రణ మొత్తాన్నీ కొత్తగా నిర్మించే అవకాశమిచ్చింది. వర్చువల్ శిక్షణకు గీత గీయడానికి ఇంతకన్నా సరైన అదను దొరకదు.

దూరవిద్య బాగా పనిచేసిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2018లో మొదలైన నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ నర్సులకు, సైకాలజిస్టులకు, సోషల్ వర్కర్లకు ఆన్‌లైన్‌లో మానసిక ఆరోగ్య కోర్సులు నడుపుతోంది. ఇందులో చేరేవారు అప్పటికే రోగుల మధ్య పనిచేస్తున్నవారు. తమకు ఎదురైన కేసును తెర మీద నిపుణుల ముందు పెట్టి చర్చిస్తారు, మర్నాడు మళ్లీ ఆ రోగి దగ్గరికే వెళతారు. తెర ఇక్కడ రోగికి బదులుగా రాలేదు, అందుబాటులో లేని గురువుకు బదులుగా వచ్చింది. కాలేజీలు తీసుకోవాల్సిన పాఠం ఇదే. ఒక సీనియర్ సైకియాట్రిక్ నర్సింగ్ అధ్యాపకురాలు పది కాలేజీలకు వారంవారం ఆన్‌లైన్‌లో డీబ్రీఫింగ్ నడపవచ్చు. మన కొరత అసలు తీవ్రంగా ఉన్నది అక్కడే.

భాష తెలియని సాఫ్ట్‌వేర్

ఇంకో సంగతి మన రాష్ట్రాలకు ప్రత్యేకం. మార్కెట్లో ఉన్న వర్చువల్ రోగుల్లో ఎక్కువమంది అమెరికన్ ఇంగ్లిష్ మాట్లాడతారు, అక్కడి బీమా, అక్కడి కుటుంబం, అక్కడి ఒంటరితనం గురించి చెబుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో, జిల్లా ఆసుపత్రి ఓపీలోనో విద్యార్థికి ఎదురయ్యే మనిషి ‘డిప్రెషన్’ అనడు. గుండెల్లో గాభరాగా ఉందంటాడు, తల దిమ్ముగా ఉందంటాడు, ఎవరో చేతబడి చేశారంటాడు. వెంట వచ్చిన తల్లి గాలి సోకిందని, దర్గాకో గుడికో తిప్పి తెచ్చామని చెబుతుంది. దాన్ని మూఢనమ్మకమని ముఖం మీదే కొట్టిపారేయకుండా, అలాగని తలూపకుండా, ఆ మాటల వెనకున్న బాధను అందుకోవడమే ఇక్కడ సహానుభూతి. శ్రీకాకుళం తెలుగు, తెలంగాణ తెలుగు, దక్కనీ ఉర్దూ, అడవి ప్రాంతాల్లో కోయ, గోండి వినగల చెవి కావాలి. వర్చువల్ శిక్షణ పెట్టేటట్లయితే ఈ మాటలతో, ఈ కుటుంబాలతో, ఇక్కడి వైద్యశాలల అనుభవంతో కేసులు రాయించాలి. ఇంగ్లిష్ సాఫ్ట్‌వేర్‌కు ఏటా లైసెన్స్ ఫీజులు కట్టే డబ్బుతో మన ఆరోగ్య విశ్వవిద్యాలయాలు కలిసి ఈ పని చేయించగలవు.

వర్చువల్ సాధనకు తనదైన న్యాయమైన చోటు కూడా ఒకటుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోన్ చేసినవారికి మానసిక సాయం అందుతోంది. ముఖం కనిపించని మనిషి మాటలోని వణుకును, మౌనం పొడవును పట్టుకోవడం ఒక నైపుణ్యం. రేపటి నర్సుకు అది తప్పనిసరి. ఫోన్‌లో వినడం ఫోన్ మీదే, వీడియోలో పలకరించడం వీడియోలోనే నేర్పాలి. ఈ గంటలను వార్డు గంటల్లోంచి కోయకుండా, వాటికి అదనంగా పాఠ్యక్రమంలో చేర్చాలి.

కొలిచే పద్ధతి కూడా మారాలి. వర్చువల్ శిక్షణ సహానుభూతిని పెంచిందని చెప్పే అధ్యయనాల్లో చాలావరకు చిన్న బృందాల మీద జరిగినవి. శిక్షణ ముగిసిన వెంటనే విద్యార్థులు తమకు తాము వేసుకున్న మార్కులే వాటికి ఆధారం. నాకు సహానుభూతి ఉందని విద్యార్థి అనుకోవడానికీ, ఈ అమ్మాయి నా మాట విన్నదని రోగి అనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. పోస్టింగ్ ముగింపులో కోలుకుంటున్న రోగులు, వారి కుటుంబసభ్యులు ఇచ్చే అభిప్రాయాన్ని మూల్యాంకనంలో భాగం చేయాలి. ఏడాది తర్వాత అదే విద్యార్థిని మళ్లీ పరిశీలించాలి.

ఏం చేయాలి?

నర్సింగ్ కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పనులు అసాధ్యమైనవి కావు. మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో నేరుగా రోగులతో గడపాల్సిన కనీస గంటలను బీఎస్సీకి, జీఎన్‌ఎం డిప్లొమాకు నిర్ణయించి, వాటిని వేటితోనూ భర్తీ చేయడానికి వీల్లేదని నిబంధన పెట్టాలి. వార్డుకు వెళ్లేముందు వర్చువల్ సాధనను తప్పనిసరి చేసి, భయాన్నీ, మొదటి తప్పులనూ అక్కడే వదిలించాలి. ప్రతి పోస్టింగ్ రోజు చివరా డీబ్రీఫింగ్‌కు సమయం కేటాయించి, అది నడపగల శిక్షణ ట్యూటర్లకు ఇవ్వాలి. జబ్బు నుంచి కోలుకుని, తమ అనుభవం చెప్పడానికి ముందుకొచ్చే వారిని పారితోషికమిచ్చి బోధనలో భాగస్వాములను చేయాలి. పోస్టింగులను పెద్ద వైద్యశాలలకే పరిమితం చేయకుండా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీలకు, వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాలకు, పునరావాస కేంద్రాలకు విస్తరిస్తే రద్దీ తగ్గుతుంది. తాళం వేసిన వార్డులో ఉన్న రోగినే కాక, మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషినీ విద్యార్థి చూస్తారు.

రోగి అంగీకారం విషయంలో రాజీ కూడదు. రోగి గోప్యతను 2017 చట్టం హక్కుగా గుర్తించింది. ఆన్‌లైన్ క్లాసు కోసమని వార్డులో ఫోన్‌తో తీసిన వీడియో ఎన్ని గ్రూపుల్లో తిరుగుతుందో తీసినవారికీ తెలియదు. అసలు రోగుల రికార్డింగులను బోధనకు వాడటాన్ని పూర్తిగా ఆపి, నటులతో చేయించిన కేసులనే వాడాలి. విద్యార్థితో మాట్లాడనని చెప్పే హక్కు రోగికి ఉందని పోస్టింగ్ మొదటిరోజే చెప్పాలి. కాదన్న రోగి మాటను గౌరవించడమే విద్యార్థి నేర్చుకునే తొలి పాఠం కావాలి.

వీటన్నింటికీ ఖర్చవుతుంది, నిజమే. చేయకపోతే అయ్యే ఖర్చు ఎవరి పద్దులోనూ కనిపించదు గనుక అది లేనట్టు అనిపిస్తుంది. నర్సు మాటతీరుకు నొచ్చుకుని వైద్యం మానేసిన రోగి, మళ్లీ జబ్బు తిరగబెట్టి ఉద్యోగం పోయిన కుటుంబ పెద్ద, క్యాజువాలిటీలో పడ్డ అవమానానికి రెండోసారి ఆసుపత్రికి రాని అమ్మాయి దాన్ని చెల్లిస్తున్నారు. మన పిల్లల భవిష్యత్తు దృష్టితో చూసినా లెక్క అదే. తెలుగు రాష్ట్రాల నుంచి నర్సులు గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, జర్మనీకి వెళుతున్నారు. తమ విద్యార్థుల ప్రాక్టీసు గంటలను అంత కచ్చితంగా లెక్కించే దేశాల్లో వారు నిలబడాలి. తెర మీద పూర్తిచేసిన పోస్టింగ్ సర్టిఫికెట్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, అక్కడి వార్డులో మొదటి వారమే దాని విలువ తేలిపోతుంది.

వర్చువల్ శిక్షణను వద్దనడం తెలివైన పని కాదు. దాన్ని చౌక ప్రత్యామ్నాయంగా వాడుకోనివ్వడం అంతకన్నా పెద్ద తప్పు. ఏ నర్సింగ్ విద్యార్థీ మానసిక రోగితో ముఖాముఖి పనిచేయకుండా, ఆ పని గురించి గురువుతో కూర్చుని ఆలోచించకుండా పట్టా అందుకోకూడదు. కొత్త నర్సింగ్ కమిషన్ రాసే నిబంధనల్లో ఈ ఒక్క వాక్యం స్పష్టంగా ఉండాలి. అధ్యాపకులు, నర్సుల సంఘాలు, రోగుల కుటుంబాలు దానికోసం ఇప్పుడే గట్టిగా అడగాలి.